గంజాయి మానడానికి ఒక నెల, చదువు నిలబడటానికి ఒక సెమిస్టర్

గంజాయి అలవాటున్న విద్యార్థి దాన్ని మానాలని గట్టిగా అనుకునేది సాధారణంగా చదువు చేజారుతున్నప్పుడే. మిడ్స్‌లో మార్కులు పోయాయి, హాజరు 60 శాతానికి పడిపోయింది, డిటెన్షన్ జాబితా రేపో మాపో పెడతారు. అప్పుడు నిర్ణయం తీసుకుంటాడు. మానేశాక శరీరాన్నీ మనసునూ బాగా ఇబ్బందిపెట్టే వారాలు సరిగ్గా ఆ పరీక్షల వారాల మీదే వచ్చిపడతాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. "పరీక్షలు కానీ, ఆ తర్వాత మానేస్తా" అని అతనంటాడు. "ముందు ఆ పాడు అలవాటు మానెయ్ నాన్నా, చదువు దానంతటదే వస్తుంది" అని ఇంట్లోవాళ్లంటారు. గత పాతికేళ్లలో వచ్చిన ముఖ్యమైన అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండు మాటలూ విద్యార్థికి నష్టం చేసేవేనని నాకు అనిపించింది. మానడాన్ని వాయిదా వేస్తే చదువు ఇంకా దిగజారుతుంది. మానినంత మాత్రాన పోయిన చదువు తిరిగి రాదు. మెదడు కోలుకోవడానికి పట్టే కాలం వేరు, తప్పిన సెమిస్టర్‌ను కూడదీసుకోవడానికి పట్టే కాలం వేరు. రెండింటికీ విడివిడిగా ఏర్పాటు కావాలి, రెండూ ఒకేసారి మొదలుకావాలి.

సమస్య ఎంత పెద్దదో ముందు చూద్దాం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువారిలో 2.8 శాతం మంది, అంటే సుమారు 3.1 కోట్ల మంది, అంతకుముందు ఏడాదికాలంలో గంజాయి మొక్క నుంచి వచ్చే ఏదో ఒక పదార్థం వాడారని అది తేల్చింది. అందులో పెద్ద భాగం భంగు. గంజాయి, చరస్ వాడినవారు సుమారు 1.3 కోట్లు. సాయం అందించవలసిన స్థాయిలో వాడుతున్నవారు 72 లక్షలు. మన రెండు రాష్ట్రాల పిల్లలకు ఇది ఎక్కడినుంచో రావలసిన సరుకు కూడా కాదు. ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలోనూ, సరిహద్దు అవతలి ఒడిశా కొండల్లోనూ శీలావతి రకం గంజాయి ఏళ్ల తరబడి పండింది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021 చివర్లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటలు ధ్వంసం చేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల సరుకును ఒక్కచోట పోసి కాల్చారు. తోటలు నరకడం, లారీలు పట్టుకోవడం గురించి మన పత్రికల్లో రోజూ చదువుతాం. ఇప్పటికే అలవాటుపడ్డ పిల్లవాడు ఎలా బయటపడాలి, బయటపడుతూ చదువును ఎలా నిలుపుకోవాలి అన్నదాని మీద మనం రాసుకున్నది చాలా తక్కువ.

గంజాయిలో మత్తెక్కించేది టీహెచ్‌సీ. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రాఫెల్ మెషూలం, ఆయన సహచరుడు యెహియేల్ గావోనీ 1964లో దాన్ని విడదీసి నిర్మాణం తేల్చారు. మెదడులో అది అతుక్కునే సీబీ1 గ్రాహకాల ఉనికి 1988లో రుజువైంది. కొత్త విషయాన్ని జ్ఞాపకంగా మార్చే హిప్పోక్యాంపస్‌లోనూ, ఏది ముందు ఏది వెనక అని తేల్చుకునే ముందరి మెదడులోనూ ఈ గ్రాహకాలు దట్టంగా ఉంటాయి. అందుకే మత్తులో ఉన్న మనిషికి పాత సంగతులు గుర్తుంటాయి గానీ అప్పుడే చదివినది నిలవదు. లెక్క సగంలో ఉండగా ఏ మెట్టు దగ్గరున్నామో జారిపోతుంది. ఒకే పేజీ మళ్లీ మళ్లీ చదవవలసి వస్తుంది. ఒక దమ్ము కొట్టి కూర్చుంటే ఏకాగ్రత కుదురుతుందని హాస్టళ్లలో గట్టిగా నమ్మేవాళ్లున్నారు. విసుగు తగ్గి గంటల తరబడి కూర్చోగలగడం నిజమే కావచ్చు. మర్నాటి పరీక్షలో ఆ గంటలు అక్కరకు రావు.

మరి గంజాయి వల్లే మార్కులు తగ్గుతాయా, లేక మార్కులు తగ్గే పరిస్థితుల్లో ఉన్నవాళ్లే గంజాయి వైపు వెళ్తారా? ఈ చిక్కు ముడి చాలా ఏళ్లు విడలేదు. కొందరు విద్యార్థులకు గంజాయి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా ఏడాదిపాటు చదివించి చూడటం ఏ పరిశోధకుడూ చేయలేని పని. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ నగరంలో అలాంటి పరిస్థితి దానంతటదే ఏర్పడింది. అక్కడి కాఫీషాపుల్లో గంజాయి అమ్మకాన్ని అనుమతిస్తారు. సరిహద్దు దాటి వచ్చే కొనుగోలుదారుల రద్దీ తగ్గించడానికి 2011 అక్టోబరు నుంచి డచ్, బెల్జియన్, జర్మన్ పౌరులకు తప్ప మిగతా విదేశీయులకు అమ్మడం ఆపేశారు. ఒకే విశ్వవిద్యాలయం, ఒకే తరగతి గది, ఒకే ప్రశ్నపత్రం. కొందరు విద్యార్థులు దుకాణానికి వెళ్లి కొనగలరు, పక్క బెంచీవాళ్లు కొనలేరు. ఒలివియే మారీ, ఉల్ఫ్ జోలిట్జ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఆ కాలంలో అక్కడి విద్యార్థులు తెచ్చుకున్న 54 వేలకు పైగా మార్కులను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు.

కొనే వీలు పోయిన విద్యార్థుల మార్కులు పెరిగాయి. కోర్సు పాసయ్యే అవకాశం సుమారు 5 శాతం మెరుగుపడింది. వయసులో చిన్నవారిలో, అమ్మాయిల్లో, అప్పటిదాకా వెనకబడినవారిలో ఈ ప్రభావం ఎక్కువగా కనిపించింది. లెక్కలతో పని ఉన్న కోర్సుల్లో మెరుగుదల ఇంకా ఎక్కువ. ఈ అధ్యయనంలో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం మరొకటుంది. కోర్సు చివర్లో విద్యార్థులు నింపిన అభిప్రాయ పత్రాలనూ పరిశోధకులు చదివారు. వాళ్లు చదివే గంటలు పెరిగినట్టు అందులో కనిపించలేదు. పాఠం మెరుగ్గా అర్థమవుతున్నట్టు కనిపించింది. అంటే అదే కష్టానికి ఎక్కువ ఫలితం దక్కింది. "నేను చదవట్లేదు, సోమరినైపోయాను" అని తనను తాను తిట్టుకునే విద్యార్థి ఈ సంగతి తెలుసుకోవాలి. అతను చదువుతూనే ఉండవచ్చు, చదివింది లోపలికి పోకుండా అడ్డుపడేది ఇంకొకటి ఉంది.

అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన అమీలియా అరియా బృందం మరో దారిలో వెళ్లింది. ఒకే ఏడాది చేరిన విద్యార్థులను ఏళ్ల తరబడి వెంబడించి, నష్టం ఏ మెట్టు మీదుగా జరుగుతుందో చూసింది. గంజాయి వాడకం పెరిగినకొద్దీ క్లాసులు ఎగ్గొట్టడం పెరిగింది, దాంతో గ్రేడ్లు తగ్గాయి, చివరికి డిగ్రీ చేతికి రావడం ఆలస్యమైంది. మన పిల్లలను చూసిన అధ్యాపకులెవరికీ ఇది వింత కాదు. రాత్రి రెండింటిదాకా గదిలో పొగ, ఉదయం తొమ్మిదింటి క్లాసు పోతుంది. హాజరు 75 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వని మన పద్ధతిలో ఈ మెట్టు మరీ ప్రమాదకరం. అమెరికా విద్యార్థికి గ్రేడు తగ్గి ఊరుకుంటే మన విద్యార్థికి సెమిస్టరే పోతుంది.

భయపెట్టే అధ్యయనాలూ ఉన్నాయి. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మందిని చిన్నప్పటి నుంచి పరీక్షిస్తూ వచ్చిన బృందం 2012లో ఒక ఫలితం ప్రకటించింది. టీనేజీలోనే మొదలుపెట్టి దశాబ్దాలపాటు వదలకుండా వాడినవారిలో 13 ఏళ్లకూ 38 ఏళ్లకూ మధ్య ఐక్యూ 8 పాయింట్ల వరకూ తగ్గిందని. ప్రపంచమంతా పత్రికలు దీన్ని పతాక శీర్షికలకెక్కించాయి. ఆ తర్వాత వచ్చిన అభ్యంతరాలకు అంత ప్రచారం దక్కలేదు. కుటుంబ ఆర్థిక పరిస్థితుల తేడాలు ఆ ఫలితంలో కలిసిపోయి ఉండవచ్చని నార్వేకు చెందిన ఓలే రోగెబర్గ్ మరుసటి ఏడాదే వాదించాడు. 2016లో అమెరికా కవలల మీద వెలువడిన అధ్యయనంలో, వాడిన కవలకూ వాడని కవలకూ ఐక్యూ తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నా అంచనాలో, 16 ఏళ్లకే మొదలుపెట్టి పదేళ్లు వదలనివాడి గురించి ఆందోళన పడటానికి కారణాలున్నాయి. 19 ఏళ్లకు మొదలుపెట్టి 21 ఏళ్లకు మానాలనుకుంటున్న విద్యార్థితో "నీ మెదడు పాడైపోయింది" అనడానికి ఈ సాక్ష్యాలు చాలవు. ఆ మాట అన్నవాళ్లు, తెలియకుండానే, మానడానికి అతనికున్న అతి పెద్ద కారణాన్ని లాగేసుకుంటున్నారు. ఎలాగూ పాడైపోయిందనుకున్నవాడు ఎందుకు మానతాడు?

మానితే ఏమవుతుందో చూసిన పరిశోధనలు ఇంతకన్నా ఆశ కలిగిస్తాయి. హార్వర్డ్ అనుబంధ మెక్లీన్ ఆస్పత్రిలో హారిసన్ పోప్ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, జీవితంలో కనీసం 5,000 సార్లు గంజాయి తాగినవారిని తీసుకుని 28 రోజులు మాన్పించారు. మొదటిరోజు, వారం తర్వాత కూడా పదాల జాబితాను గుర్తుచేసుకోవడంలో వాళ్లు వెనకబడ్డారు. 28వ రోజుకు గంజాయి పెద్దగా వాడనివారితో సమానమయ్యారు. 2018లో బోస్టన్‌లో రాండీ షుస్టర్ బృందం 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 88 మందితో ఇంకొకటి చేసింది. కొందరికి డబ్బు ప్రోత్సాహకం ఇచ్చి నెలరోజులు మాన్పించి, మూత్ర పరీక్షతో నిర్ధారించుకుంటూ వచ్చారు. మిగతావారు ఎప్పటిలా వాడుకున్నారు. మానినవారిలో కొత్త పదాలు నేర్చుకునే శక్తి మెరుగైంది, ఆ మెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి వారంలోనే వచ్చింది. ఏకాగ్రత మాత్రం ఆ నెలలో మెరుగవలేదు. మెదడు స్కానింగ్ కూడా ఇదే దిశలో చెబుతుంది. రోజూ తాగేవారిలో సీబీ1 గ్రాహకాలు మెదడు పైపొరలో సుమారు 20 శాతం తగ్గాయనీ, నాలుగు వారాలు మానితే తిరిగి మామూలు స్థాయికి వచ్చాయనీ 2012లో హిర్వోనెన్ బృందం చూపింది.

కాబట్టి నెల అన్నది గాలిలోంచి తీసిన మాట కాదు. జ్ఞాపకశక్తి తిరిగి రావడం మొదటి వారంలోనే మొదలవుతుంది. ఏకాగ్రతకు అంతకన్నా ఎక్కువ కాలం పట్టవచ్చు. పదిరోజులు మానేసి "ఏం మారలేదు, ఇంకా పుస్తకం పట్టుకుంటే బుర్ర నిలవట్లేదు" అని తిరిగి మొదలుపెట్టేవాడికి ఈ ఒక్క సంగతి ముందే చెప్పి ఉంటే ఓపిక పట్టేవాడేమో.

ఇక ఆ నెల ఎలా ఉంటుంది? గంజాయికి వ్యసనం ఉండదు, మానితే ఏమీ కాదు అన్న మాట క్యాంపస్‌లలో ఇప్పటికీ చలామణీలో ఉంది. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 గ్రంథం గంజాయి విత్‌డ్రాయల్‌ను, అంటే మానినప్పుడు తలెత్తే ఇబ్బందులను, స్పష్టంగా వ్యాధుల జాబితాలో చేర్చింది. క్రమం తప్పకుండా వాడేవారిలో, దానికి బానిసలైనవారిలో దాదాపు 47 శాతం మందికి ఈ లక్షణాలు కనిపిస్తాయని 2020లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ లెక్కగట్టింది. మానిన ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలై, మొదటి వారంలో తారస్థాయికి చేరి, రెండు వారాల్లో చాలావరకూ తగ్గుతాయి. చిరాకు, ఊరికే కోపం, ఆందోళన, దిగులు, ఆకలి చచ్చిపోవడం, చెమటలు, తలనొప్పి, కడుపులో తిప్పడం. అన్నింటికన్నా ఎక్కువగా ఏడిపించేది నిద్ర. టీహెచ్‌సీ కలలొచ్చే నిద్ర దశను అణచిపెడుతుంది. మానగానే ఆ దశ ఒక్కసారిగా పెరుగుతుంది. రాత్రంతా విపరీతమైన, కళ్లకు కట్టినట్టుండే కలలు, మధ్యలో మెలకువ, పొద్దున లేచేసరికి పడుకోనంత అలసట. మిగతావి తగ్గాక కూడా నిద్ర ఇబ్బంది నెల దాటి ఉండవచ్చు.

హాస్టల్ గదిలో ఇది ఎలా ఉంటుందో ఊహించండి. మెస్‌లో ముద్ద దిగదు. రూమ్‌మేట్ ఫ్యాన్ స్పీడు తగ్గించినా గొడవే. ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తే కసురుకోవడం. "మానేశాక వీడు ఇంకా పాడయ్యాడు" అని తల్లిదండ్రులు అనుకునేది ఈ పదిహేను రోజుల్లోనే. మద్యం మానేటప్పుడు వచ్చే మూర్ఛలు, ప్రాణాపాయం లాంటివి గంజాయి విషయంలో సాధారణంగా ఉండవు. అందుకే చాలామందికి ఆస్పత్రిలో చేరవలసిన అవసరం రాదు. ప్రాణం తీయని బాధ కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. నాలుగురోజులు నిద్రలేని కుర్రాడికి ఆ బాధ ఒక్క దమ్ముతో తీరుతుందని తెలుసు, సరుకు పక్క గదిలోనే ఉందనీ తెలుసు.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. గంజాయిని చాలామంది సిగరెట్ పొగాకులో కలిపి తాగుతారు. అలాంటివారు గంజాయి మానడమంటే నికోటిన్‌ కూడా కొంత మానడమే. రెండింటి చిరాకూ కలిసి వస్తుంది. గంజాయి మాని సిగరెట్లు పెంచుకుంటే ప్రతి సిగరెట్టూ పాత అలవాటును గుర్తుచేస్తుంది. రెండూ కలిపి వాడేవారు గంజాయి మానడం మరింత కష్టమని పరిశోధనలు చెబుతున్నాయి. మనోవైద్యుణ్ణి కలిసినప్పుడు సిగరెట్ల సంగతి దాచకుండా చెప్పడం అవసరం. నికోటిన్‌కు గమ్‌లు, ప్యాచ్‌లు ఉన్నాయి, గంజాయికి అలాంటివి లేవు. నిద్ర కోసం మందుల దుకాణంలో చీటీ లేకుండా ఆల్ప్రాజోలం కొనుక్కోవడం, గంజాయి బదులు బీరుతో సరిపెట్టుకోవడం మాత్రం ఒక గుంతలోంచి లేచి మరో గుంతలో పడటమే.

గంజాయిని మాన్పించడానికి ఆమోదం పొందిన మందు ఇంతవరకూ లేదు. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ టీనేజర్లలో కొంత ఫలితం చూపినట్టు 2012లో కనిపించింది, పెద్దవాళ్ల మీద 2017లో చేసిన పెద్ద పరీక్షలో ఆ ఫలితం రాలేదు. నిలబడినవి మాటల చికిత్సలే. అమెరికాలో 450 మంది పెద్దలతో నడిచిన 'మారిజువానా ట్రీట్‌మెంట్ ప్రాజెక్ట్' ఫలితాలు 2004లో వచ్చాయి. కౌన్సెలర్‌తో తొమ్మిదిసార్లు కూర్చున్నవారిలో నాలుగు నెలల తర్వాత 22.6 శాతం మంది పూర్తిగా మానగలిగారు. రెండుసార్లు కూర్చున్నవారిలో 8.6 శాతం. చికిత్స కోసం ఎదురుచూసే వరుసలో ఉంచినవారిలో 3.6 శాతం. ఎందుకు మానాలనుకుంటున్నావో నీ నోటితోనే చెప్పించడం, ఏ సమయంలో, ఎవరితో ఉన్నప్పుడు యావ పుడుతుందో రాయించడం, ఆ అరగంట దాటించే పద్ధతులు సాధన చేయించడం, ఆ తొమ్మిది సమావేశాల్లో జరిగే పని ఇదే. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. ఒంటరిగా ప్రయత్నించడం కన్నా సాయంతో ప్రయత్నిస్తే అవకాశం ఆరు రెట్లు. అంత సాయం అందినా నలుగురిలో ముగ్గురికి పైగా మొదటిసారి పూర్తిగా మానలేకపోయారు. మళ్లీ మొదలుపెట్టడం ఈ దారిలో మామూలుగా జరిగేదే. దాన్ని ద్రోహంగా చూసే ఇంట్లో పిల్లవాడు రెండోసారి నిజం చెప్పడు.

కొంతమందికి గంజాయి అసలు జబ్బు మీద కప్పిన దుప్పటి. పల్లెటూరి తెలుగు మీడియంలో టెన్త్ ఫస్టు వచ్చి, నగరంలో ఇంగ్లిషు పాఠం ముందు మూగబోయిన పిల్లల దిగులు, చిన్నప్పటి నుంచీ ఎవరూ గుర్తించని ఏడీహెచ్‌డీ, నిద్రపట్టని జబ్బు, విపరీతమైన ఆందోళన వంటివి గంజాయి తీసేయగానే పైకి తేలతాయి. నెల గడిచినా ఆందోళన, దిగులు తగ్గకపోతే అది విత్‌డ్రాయల్ కాకపోవచ్చు. దానికి వేరే చికిత్స ఉంది. మరో హెచ్చరికను మాత్రం ఏమాత్రం పలచన చేయకుండా చెప్పాలి. యూరప్‌లోనూ బ్రెజిల్‌లోనూ 11 చోట్ల జరిపి 2019లో లాన్సెట్ సైకియాట్రీలో ప్రచురించిన అధ్యయనంలో, టీహెచ్‌సీ ఎక్కువున్న గంజాయిని రోజూ వాడేవారికి సైకోసిస్ అనే తీవ్ర మానసిక రుగ్మత వచ్చే అవకాశం ఎప్పుడూ వాడనివారికన్నా దాదాపు ఐదు రెట్లు ఎక్కువని తేలింది. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని, వెంటాడుతున్నారని అనుమానపడటం, లేని గొంతులు వినిపించడం, చచ్చిపోవాలనే ఆలోచనలు రావడం, వీటిలో ఏది కనిపించినా ఆరోజే మనోవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. పరీక్ష ఉందని ఆగకూడదు.

ఇప్పుడు చదువు సంగతి. మానేటప్పుడు చదువును ఎలా నడపాలన్నదాని మీద పరిశోధన పలచగానే ఉంది గనుక, పై ఫలితాల నుంచి నేను తీసుకున్న నిర్ధారణలు చెబుతాను. మానే తేదీని కాలేజీ క్యాలెండర్ చూసి పెట్టుకోవాలి. సెమిస్టర్ మొదలైన మొదటి వారం, సంక్రాంతి లేదా దసరా సెలవులు అన్నింటికన్నా మేలు. సెలవుల్లోనైతే ఇంటి భోజనం, పొగ లేని గది దొరుకుతాయి. సెలవులు రెండు నెలల దూరంలో ఉంటే అప్పటిదాకా ఆగకూడదు, ఈ వారమే మొదలుపెట్టాలి. మొదటి రెండు వారాలూ కంఠస్థం చేయవలసినవాటి జోలికి పోకుండా ల్యాబ్ రికార్డులు, అసైన్‌మెంట్లు, నోట్సు రాసుకోవడం లాంటి చేతి పనులు పూర్తిచేయాలి. కొత్త లెక్కలు, కొత్త సిద్ధాంతాలు మూడో వారం నుంచి. ఏం చదివినా చదవకపోయినా క్లాసుకు వెళ్లి కూర్చోవాలి. మేరీలాండ్ పరిశోధన చెప్పినట్టు నష్టం ఆ గుమ్మం దగ్గరే మొదలవుతుంది. ఐదు సప్లీలుంటే ఐదింటికీ ఫీజు కట్టకుండా రెండు ఎంచుకోవాలి. రెండు పాసైతే వచ్చే ధైర్యం ముఖ్యం. అన్నీ ఒకేసారి పెట్టుకుని అన్నీ పోతే బ్యాక్‌లాగ్‌లు తడిసి మోపెడవుతాయి, ఆ రాత్రే పక్క గది తలుపు తడతాడు.

ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లిన మన పిల్లల పరిస్థితి ఇంకొంచెం క్లిష్టం. 24 రాష్ట్రాల్లో పెద్దలు గంజాయి కొనుక్కోవడం నేరం కాదు. కేంద్ర చట్టం ప్రకారం మాత్రం అది నిషిద్ధమే, వీసాలు చూసేది కేంద్రమే. వాడినట్టు అధికారుల ముందు ఒప్పుకున్నా వీసాకు చిక్కులు రావచ్చు. చదువు భారమై ఒక కోర్సు వదిలేద్దామనుకుంటే, ముందుగా అనుమతి తీసుకోకుండా పూర్తికాల క్రెడిట్ల కన్నా తగ్గితే ఎఫ్-1 విద్యార్థి వీసా హోదాకే ముప్పు. అయితే ఆ నిబంధనల్లోనే ఒక దారి ఉంది. వైద్యుడు లేదా లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టు రాసిచ్చిన పత్రంతో, విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ) అనుమతితో, ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకూ కోర్సుల భారం తగ్గించుకోవచ్చు. కోర్సు వదలకముందే డీఎస్‌ఓను కలవాలి, వదిలాక కాదు.

మన దగ్గర విద్యార్థిని వైద్యుడి దాకా రానివ్వనిది చట్టం మీది భయం. ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 సెక్షన్ 27 ప్రకారం గంజాయి వాడితే ఆరు నెలల వరకూ జైలు లేదా 10 వేల రూపాయల వరకూ జరిమానా లేదా రెండూ పడవచ్చు. అదే చట్టంలోని 64ఏ సెక్షన్ గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ. వాడకం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసున్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చికిత్సకు వెళ్లి దాన్ని పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాదకద్రవ్యాల వల్ల వచ్చే స్థితులను మానసిక అనారోగ్యంలోనే చేర్చింది, రోగి వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కునూ ఇచ్చింది. అంటే వైద్యుడి దగ్గర చెప్పిన మాట కాలేజీకి చేరకూడదు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరు నిమ్హాన్స్ ఈ చికిత్స అందిస్తాయి. అనుమతులు లేని 'డీఅడిక్షన్' కేంద్రాలకు పిల్లల్ని ఎత్తించి పంపే తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. మానసిక ఆరోగ్య చట్టం కింద నమోదు ఉందో లేదో చూడకుండా ఏ కేంద్రం గడపా తొక్కకండి.

కాలేజీల తీరు చూస్తే బాధ కలుగుతుంది. గోడల మీద మత్తు వ్యతిరేక పోస్టర్లున్నాయి, కమిటీలున్నాయి, ప్రతిజ్ఞలున్నాయి. దొరికినవాడికి సస్పెన్షన్ ఉంది. మానాలనుకుని తనంతట తాను వచ్చి చెప్పేవాడికి ఏమిస్తామన్నది ఎక్కడా రాసి ఉండదు. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం 1977లోనే కోలుకుంటున్న విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. టెక్సాస్ టెక్ 1986లో మొదలుపెట్టింది. రట్గర్స్ 1988లో వాళ్లకు విడిగా హాస్టల్ వసతి ఏర్పరచింది. మానిన పిల్లవాణ్ణి అదే పొగ గదికి తిరిగి పంపకూడదన్న చిన్న ఆలోచన అది. మన కాలేజీల్లో గది మార్చడానికి వార్డెన్ సంతకం చాలు.

హాజరు విషయంలో కొత్త నిబంధన కూడా అక్కర్లేదు. జేఎన్‌టీయూ నియమాల ప్రకారం హాజరు 75 శాతానికి తగ్గి 65 శాతానికి పైన ఉంటే, సరైన కారణానికి ఆధారాలు చూపితే, కాలేజీ కమిటీ ఆ లోటును మన్నించవచ్చు. డెంగీకీ కామెర్లకూ ఇచ్చే ఆ 10 శాతాన్ని, గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో గంజాయి మానే చికిత్సలో ఉన్న విద్యార్థికీ ఇవ్వండి. వైద్యుడి పత్రంలో జబ్బు పేరు రాయమని పట్టుబట్టకండి. ప్రిన్సిపాళ్లు, అకడమిక్ కమిటీల సభ్యులు వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోగా ఈ మేరకు ఒక తీర్మానం చేసి, నోటీసు బోర్డులో డిటెన్షన్ జాబితా పెట్టే చోటే దాన్నీ పెట్టాలని కోరుతున్నాను. దాని కింద రెండు నంబర్లు రాయండి. వ్యసన విముక్తి కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక సాయం కోసం టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే, టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు.